అక్షర సందేహాలు: చెక్కు అంకెల నుంచి పుట్టిన ‘కంప్యూటర్ అక్షరం’

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే జాతి అక్షరాల గురించి అడిగాయి. ఒక కాలు సన్నగా, ఇంకో కాలు ఉబ్బుగా, మూలలు నున్నగా ఉండి, 1970ల్లో ‘రాబోయే కాలం’ అనగానే పోస్టర్ల మీద కనబడిన అక్షరాలివి. అందుకే శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

నమూనా జతచేస్తున్నాను. పాత సైన్స్ పత్రికల అట్టల మీద, రోబో బొమ్మల పక్కన ఈ అక్షరం చాలాసార్లు చూశాను. దీని పేరేమిటి? అక్షరానికి ఒక పక్క ఆ ఉబ్బు ఎందుకు? అలంకారమేనా?
— డిజైన్ విద్యార్థిని, విజయవాడ

మీరు పంపిన నమూనా డేటా 70. బాబ్ న్యూమన్ 1970లో లెట్రాసెట్ కోసం గీశారు. లెట్రాసెట్ బ్రిటిష్ కంపెనీ. పలచటి ప్లాస్టిక్ షీటు మీద అచ్చయిన అక్షరాన్ని వెనకనుంచి రుద్దితే కాగితానికి అంటుకునేది. కంప్యూటర్లు రాకముందు ప్రకటనల ఆర్టిస్టులు శీర్షికలు పెట్టుకోవడానికి ఈ షీట్లే ఆధారం.

ఇక ఉబ్బు సంగతి. మీ ఇంట్లో చెక్కుబుక్కు ఉంటే తీసి, అడుగున ఉన్న తెల్ల పట్టీ చూడండి. అక్కడి అంకెల పేరు ఇ-13బి. చెక్కులను చేత్తో వేరుచేయడం బ్యాంకులకు తలకు మించిన పనైన 1950ల్లో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ బ్యాంక్ ఆఫ్ అమెరికా కోసం చేసిన పనిలోంచి ఈ పద్ధతి వచ్చింది. ఈ అంకెలు అచ్చువేసే సిరాలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. యంత్రం మొదట ఆ సిరాను అయస్కాంతీకరించి, తర్వాత చెక్కును ఒక రీడింగ్ హెడ్ ముందునుంచి లాగుతుంది. ఆ హెడ్ అంకె రూపాన్ని చూడదు. తన ముందు సాగిపోతున్న సిరా ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదే దానికి తెలుస్తుంది. నిలువు అంచు వచ్చిన ప్రతిసారీ విద్యుత్ తరంగం పైకో కిందికో కదులుతుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ రెండు తరంగాలూ ఒకలా ఉండకూడదు. అందుకని ఒక అంకెకు కుడి కింద, ఒకదానికి ఎడమ పక్కన సిరా పోగుచేశారు. ఆ పోగులే ఈ ఉబ్బులు. యంత్రం కోసం పెట్టినవే తప్ప అందం కోసం పెట్టినవి కావు.

గీత కొలత కూడా ఇష్టం వచ్చినట్టు తీసుకున్నది కాదు. అంకె మొత్తం 0.013 అంగుళాల గళ్ల మీద కూర్చుంటుంది, పేరులో ఉన్న 13 అదే. ఎత్తు 9 గళ్లు, అంటే 0.117 అంగుళాలు, దాదాపు 3 మిల్లీమీటర్లు. వెడల్పు ఎంత పెరిగినా 7 గళ్లు దాటదు. ఒక అంకె నుంచి తర్వాతి అంకెకు దూరం అంగుళంలో ఎనిమిదో వంతు.

ఇ-13బిలో ఉన్నవి పది అంకెలు, నాలుగు గుర్తులు. అంతే, అక్షరాలు లేవు. కాబట్టి ‘ఎ నుంచి జెడ్ దాకా’ చూసేదంతా ఆర్టిస్టుల ఊహ. లియో మాగ్స్ 1960ల మధ్యలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఫాంట్ గీశారు. 1965లో కాలిన్ బ్రిగ్నల్ కౌంట్‌డౌన్ వచ్చింది, ఆ తర్వాత డేటా 70. ‘కంప్యూటర్ అక్షరం’గా లోకమంతా నమ్మిన ఈ అక్షరాలను చెక్కులు చదివే ఆ యంత్రం ఒక్కటి కూడా గుర్తుపట్టదు. ఈ జాతి ఫాంట్‌లలో ఏది ఏదో తేల్చుకోవాలంటే మొత్తం పదాన్ని కాకుండా ఆర్, ఎస్, ఎమ్, 4, 7 విడివిడిగా పక్కపక్కన పెట్టి చూడండి. ఉబ్బును ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఒక్కో ఆర్టిస్టు ఒక్కో దారి పట్టారు.

మా కాలేజీ టెక్ ఫెస్ట్ బ్రోషర్ మొత్తం ఇలాంటి ఫాంట్‌లోనే పెట్టినం. చూడటానికి మస్తుగుంది గానీ ఎవరూ చదువుతలేరు. ఫోన్ నంబర్లు తప్పు కొడుతున్నరు. సైజు పెంచితే సరిపోతదా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

సైజు పెంచితే సగం సమస్యే తీరుతుంది. మామూలు ఫాంట్‌లో లావు గీత ఎక్కడుంటుందో కంటికి ముందే తెలుసు, వరుస మొత్తం ఒకే లయలో నడుస్తుంది. ఈ ఫాంట్‌లో లావు ప్రతి అక్షరానికీ చోటు మారుతుంది కాబట్టి కన్ను ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతుంది. రెండు మూడు పదాలైతే ఆ ఆగడమే అందం. పేరా అయితే శిక్ష.

ఎ4 బ్రోషర్లో ఫెస్ట్ పేరు ఒక్కటే ఈ ఫాంట్‌లో పెట్టండి. 36 పాయింట్లకు తగ్గొద్దు. లోపలి విభాగాల పేర్లకు కూడా వాడాలని మనసు లాగితే 24 పాయింట్లు, ఒక్కో పేరుకు రెండు పదాలు మించకుండా. మిగతాదంతా 10 లేదా 11 పాయింట్ల సాదా ఫాంట్‌లో రావాలి. ఫోన్ నంబరు, తేదీ, గది నంబరు, వెబ్ చిరునామా ఈ ఫాంట్‌లో ఎప్పుడూ వద్దు. సున్నా–ఓ, 1–ఐ, 5–ఎస్, 8–బి, 2–జెడ్ జంటలు ఇందులో బాగా దగ్గరగా ఉంటాయి. మీవాళ్లు తప్పు నంబర్లు కొట్టడానికి కారణం అదే.

అక్షరాల మధ్య దూరం దగ్గరా జాగ్రత్త కావాలి. అంతా పెద్దక్షరాలే అయితే ట్రాకింగ్ 20 నుంచి 50 మధ్య పెట్టి, తర్వాత జంటజంటగా సర్దండి. ఒక అక్షరం కుడి ఉబ్బు పక్కనే తర్వాతి అక్షరం ఎడమ ఉబ్బు వస్తే అక్కడ నల్లటి ముద్ద అవుతుంది. సన్నకాలు పక్కన సన్నకాలు వస్తే అదే పదం అక్కడ విరిగినట్టుంటుంది. కంటితో తేలకపోతే శీర్షికను ఫొటోషాప్‌లో కాపీ చేసి గాషియన్ బ్లర్ కొట్టండి. అక్షరం ఎత్తు 100 పిక్సెళ్లయితే 5 పిక్సెళ్ల బ్లర్ చాలు. మసకలో ఎక్కడ ముద్ద కట్టిందో, ఎక్కడ తెల్లటి సందు పడిందో బయటపడుతుంది.

ఇంకొక్కటి. ఈ అక్షరానికి నీడ, గ్రేడియంట్, మెరుపు, అవుట్‌లైన్ అన్నీ తగిలించకండి. ఉబ్బే దానికి నగ, నగకు మళ్లీ నగ పెట్టనక్కర్లేదు. నలుపు మీద నారింజ, ముదురు నీలం మీద తెలుపు, అలా రెండు రంగులతో నిలబెట్టి చూడండి.

టీషర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేస్తాను. ఈ రకం ఫాంట్ ఇస్తే లోపలి సందులన్నీ పూడిపోతున్నాయి. విజిటింగ్ కార్డు మీద కూడా అంతే. స్క్రీన్ తప్పా, ఫాంట్ తప్పా?
— ప్రింటింగ్ షాపు యజమాని, గుంటూరు

రెంటిలోనూ కొంత ఉంది, ముందు కొలత తేల్చుకుందాం. పదాన్ని 100 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టి కర్వ్స్‌గా మార్చండి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. అందులో అన్నిటికంటే ఇరుకైన సందు కొలవండి. అది 5 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. నూలు బట్ట మీద సందు నిలవాలంటే కనీసం 0.6 ఉండాలి. 0.6ను 5తో భాగించి 100తో గుణిస్తే 12. అంటే 12 మిల్లీమీటర్ల కంటే పొట్టి అక్షరం వేస్తే పూడిపోయిందని బాధపడి లాభం లేదు. ఆర్ట్ కాగితం మీద ఆఫ్‌సెట్‌కు 0.3, మామూలు మ్యాప్‌లితో కాగితానికి 0.4 పెట్టుకుని లెక్క కట్టండి. ఎంబ్రాయిడరీ అడిగేవాళ్లకు గీత, సందు రెండూ కనీసం 1 మిల్లీమీటరు ఉండేలా చూడాలి.

కొలత సరిపోయినా పూడుతుంటే అప్పుడు స్క్రీన్ చూడండి. అక్షరం లోపలి సందు అంటే స్క్రీన్ మీద నిలబడాల్సిన సన్నటి ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) గీత. ఎక్స్‌పోజర్ తక్కువైతే ఆ గీత సరిగా గట్టిపడదు, నీళ్లతో కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. అక్కడ సిరా దిగిపోతుంది. ఎక్స్‌పోజర్ మరీ ఎక్కువైతే దీనికి తిరగబడుతుంది. సందులు నిలుస్తాయి గానీ వెలుతురు ఫిల్ము అంచు కిందికి దూరి సన్న కాళ్లు మూసుకుపోతాయి, అవి బట్ట మీద తెగి పడతాయి. మీ ఫిర్యాదు మొదటి రకం. ఎక్స్‌పోజర్ సమయాన్ని నాలుగైదు మెట్లుగా పెంచుతూ ఒకే స్క్రీన్ మీద పరీక్ష పట్టీ తీసుకోండి. ఫిల్ములో నల్లగా ఉన్న పక్క ఎమల్షన్‌కు ఆనేలా పెట్టారో లేదో కూడా చూసుకోండి.

మెష్ కూడా లెక్కలోకి వస్తుంది. బట్టకు మామూలుగా వాడే 43టి (సెంటీమీటరుకు 43 దారాల) మెష్ మీద ఇంత సన్న పని నిలవదు. 62టి గానీ 77టి గానీ తీసుకోండి. సిరా తక్కువ దిగుతుంది, ముదురు బట్టయితే ఒకసారి ఫ్లాష్ చేసి (వేడితో పైపైన ఆరబెట్టి) రెండో పూత వేయాలి. అప్పటికీ బిగువుగా ఉంటే ఇలస్ట్రేటర్‌లో ఆఫ్‌సెట్ పాత్ మైనస్ 0.1 మిల్లీమీటరు ఇవ్వండి. ప్రతి సందూ 0.2 పెరుగుతుంది. ప్రతి గీతా 0.2 తగ్గుతుందని కూడా గుర్తుపెట్టుకుని, సన్నకాలు 0.6కు పైన ఉంటేనే ఇది చేయండి.

విజిటింగ్ కార్డు మీద నల్ల నేలలో తెల్ల అక్షరం వేస్తుంటే, ఆ నలుపును నాలుగు రంగులు కలిపి కట్టకండి. నాలుగు ప్లేట్లలో ఏది వెంట్రుకవాసి జరిగినా సందులోకి రంగు తొంగిచూస్తుంది. ఒక్క నలుపు సిరాతోనే వేయండి.

మా స్కూలు సైన్స్ ఫెయిర్ బ్యానర్ మీద ‘రేపటి యంత్రాలు’ అని తెలుగులో ఇదే తీరులో రావాలి. అలాంటి తెలుగు ఫాంట్ దొరకలేదు. ఉన్న ఫాంట్‌నే అడ్డంగా సాగదీస్తే వికారంగా వచ్చింది. మార్గం చెప్పండి.
— డ్రాయింగ్ టీచర్, శ్రీకాకుళం

సాగదీయడం మానేసి మంచిపని చేశారు. అడ్డంగా 150 శాతం లాగితే నిలువు గీతలు లావవుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. తెలుగు అక్షరంలో వంపులే ఎక్కువ కాబట్టి ప్రతి వంపు దగ్గరా గీత మందం మారి అక్షరం నలిగినట్టవుతుంది. మీ శీర్షికలో ఉన్నవి ఆరే అక్షరాలు. ఫాంట్ కోసం వెతికే బదులు ఆ ఆరూ గీసుకోవడమే నయం.

ఇంగ్లిష్ పెద్దక్షరాలకు ఒకే అంతస్తు. తెలుగుకు మూడు: పైన తలకట్టు, గుడి, ఏత్వం, నడుమ అక్షరం ఒళ్లు, కింద ఒత్తులు. చెక్కు అంకెల 9 గళ్ల లెక్క మనకు చాలదు. మేం చెప్పే కొలత ఇది: ఒళ్లు 10 గళ్లు, పైన 4, కింద 5, మొత్తం 19. సన్నగీత ఒక గడి, ఉబ్బు రెండు గళ్లు. బ్యానర్ మీద అక్షరం మొత్తం ఎత్తు 190 మిల్లీమీటర్లయితే గడి 10 మిల్లీమీటర్లు.

ఇంక్‌స్కేప్ ఉచితం, దాంట్లోనే చేయవచ్చు. ముందు అనెక్ తెలుగు ఫాంట్ దించుకోండి. అదీ ఉచితమే, వెడల్పును 75 నుంచి 125 దాకా మార్చుకునే వీలుంది, గీతలు చెడకుండా వెడల్పవుతాయి. 125 వెడల్పులో పదాన్ని టైపు చేసి, అపాసిటీ 20 శాతానికి తగ్గించి ఆ లేయర్‌కు తాళం వేయండి. దానిపైన గ్రిడ్ పెట్టి, పెన్ టూల్‌తో నిలువు, అడ్డం గీతలు మాత్రమే వాడుతూ అక్షరం అస్థిపంజరం గీయండి. స్ట్రోక్ ఒక గడి. తర్వాత స్ట్రోక్ టు పాత్ కొట్టి, పాత్ ఎఫెక్ట్స్‌లోని కార్నర్స్‌తో మూలలు గుండ్రం చేయండి. బయటి మూల 2 గళ్లయితే లోపలి మూల 1 గడి. బయటి వ్యాసార్ధంలోంచి గీత మందం తీసేస్తే వచ్చేదే లోపలిది. రెండూ సమానం పెడితే మూల దగ్గర గీత లావై, అక్కర్లేని చోట ఉబ్బు వచ్చినట్టుంటుంది.

ఇప్పుడు ఉబ్బు ఎక్కడ? తెలుగులో అసలు కష్టం ఇక్కడే. మన లిపిలో చాలా జంటల మధ్య తేడా ఒక చిన్న తెరుపు, ఒక చుక్క, కింద ఒక చిన్న గీత. ప తెరిచి ఉంటుంది, వ మూసి ఉంటుంది. రలో చుక్క పెడితే ఠ. ద కింద గీత పెడితే ధ, లోపల చుక్క కూడా చేరితే థ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన చిన్న మలుపు. ఉబ్బు వీటిలో దేని మీద పడినా అక్షరం వేరే అక్షరమైపోతుంది. కాబట్టి తలకట్టు, గుడి, ఏత్వం, ఒత్తు, సున్న, వీటికి ఉబ్బు పెట్టొద్దు. అక్షరానికి ఒక్కటే ఉబ్బు, అదీ ఒంటి కింది సగంలో, నిలువు గీత మీద.

మీ పదానికి అన్వయిస్తే: ‘రే’లో కుడి కింద ఉబ్బు, పైన ఏత్వం సన్నగా. ‘ప’లోనూ కుడి కిందే, తలకట్టు దగ్గర తెరుపు కనీసం గడిన్నర ఉంచండి, ఒక గడే ఉంటే దూరానికి మూసుకుని ‘రేవటి’ అవుతుంది. ‘టి’కీ ఉబ్బు కుడి కిందే, గుడి 4 గళ్ల పై అంతస్తు అంతా తీసుకోవచ్చు. ‘యం’ దగ్గర ఆగండి. య కుడిపక్క కొమ్ము దాని గుర్తు, దానికి ఉబ్బు పెడితే దీర్ఘం తగిలినట్టు కనబడుతుంది. అందుకని య ఉబ్బు ఎడమకు వెళ్లాలి. పదంలో మ ఉంటే దానికీ ఇదే సూత్రం. సున్నను నలుచదరం చేస్తే ఇంగ్లిష్ ఓ అనుకుంటారు. ఎత్తు 6 గళ్లకు దించి, మూలలు మిగతా వాటికంటే ఎక్కువ గుండ్రం చేయండి. ‘త్రా’లో ర ఒత్తు ఒళ్లు కింద ఒక గడి ఖాళీ వదిలి మొదలుకావాలి, ఎడమవైపు పైకి ఎక్కే తోక పక్క అక్షరం ఉబ్బుకు తగలకుండా చూసుకోవాలి. దీర్ఘం కుడిపక్క వస్తుంది కాబట్టి త ఉబ్బు ఎడమకు. ‘లు’కు కొమ్ము కుడిన ఉంది, కనుక ఉబ్బు ఎడమకే. ఇలా మూడు కుడికి, మూడు ఎడమకు పడ్డాయి. చెక్కు అంకెల్లోనూ ఉబ్బులు ఇలాగే పక్కలు మారుతుంటాయి, కాబట్టి ఆ వరస తెలుగులో కృతకంగా ఉండదు.

గీయడం అయ్యాక అన్నీ యూనియన్ చేసి, 3 అంగుళాల వెడల్పుకు తగ్గించి ప్రింటు తీయండి. శీర్షిక ఏమిటో తెలియని పిల్లల చేత చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడ తెరుపు పెంచండి, ఉబ్బు తగ్గించండి.

అంత సమయం లేకపోతే దగ్గరి దారి: అనెక్ తెలుగు 125 వెడల్పు, ఎక్స్‌ట్రాబోల్డ్ బరువు. కర్వ్స్‌గా మార్చి, ఒళ్లు మధ్యకు కాస్త కిందగా, అక్షరం ఎత్తులో పన్నెండో వంతు మందంలో ఒక అడ్డ చీలిక కోసేయండి. తలకట్టు జోలికి వెళ్లొద్దు. డేటా 70 పక్కన ఇది చక్కగా కూర్చుంటుంది.

డి.టి.పి. వాళ్లకు ఇచ్చి చేయిస్తుంటే ఒక మాట ముందే చెప్పండి. యూనికోడ్‌కు ముందు తరం ‘అను’ ఫాంట్‌లలో ఒత్తు, గుడి విడి ముక్కలుగా టైపు అవుతాయి. అక్షరాల మధ్య దూరం పెంచితే ఒత్తు కూడా అక్షరం నుంచి జరిగిపోతుంది. యూనికోడ్‌లో ఆ ఇబ్బంది తక్కువ. ఫొటోషాప్‌లో యూనికోడ్ ఒత్తులు విడిపోయి కనబడితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి.

మా పరపతి సంఘం రసీదుల అడుగున ఈ ఫాంట్‌తో నంబరు వేస్తే బ్యాంకు యంత్రం చదువుతుందా?
— సంఘం కార్యదర్శి, నల్లగొండ జిల్లా

చదవదు. డేటా 70 అంకెలు ఇ-13బికి చుట్టాలే తప్ప అవి ఇవి కావు, కొలతలూ వేరు, మామూలు సిరాలో అయస్కాంత గుణమూ ఉండదు. చెక్కు మీది వరస చాలా కట్టుదిట్టమైనది: 6 అంకెల చెక్కు నంబరు, 9 అంకెల ఊరు–బ్యాంకు–శాఖ కోడ్, 6 అంకెల ఖాతా భాగం, 2 అంకెల లావాదేవీ కోడ్. తొమ్మిదింటిలో మొదటి మూడూ ఊరివి, హైదరాబాద్‌కు 500. చెక్కు కాగితానికి సీటీఎస్–2010 (చెక్కు బొమ్మ పంపి క్లియరింగ్ జరిపే పద్ధతి) ప్రమాణాలున్నాయి, వాటర్‌మార్క్ సహా. ఆ పని బ్యాంకు ద్వారానే జరగాలి. రసీదు చెక్కులా కనబడటం కూడా మంచిది కాదు, సభ్యులు పొరబడతారు. మీ కంప్యూటర్ చదవడానికే అయితే రసీదు మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ కోడ్ గానీ వేయించండి.

యంత్రమూ మనిషీ ఇద్దరూ చదవగల అక్షరమే కావాలంటే దానికి ఓసీఆర్–బి ఉంది. 1968లో ఎడ్రియన్ ఫ్రూటిగర్ గీశారు. మన పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున 44 అక్షరాల వరసలు రెండు ఉండేది దాంట్లోనే.

షార్ట్ ఫిల్ముకు ఆర్ట్ డైరెక్షన్ చేస్తున్నాను. ఒక సన్నివేశం 1975లో హైదరాబాద్ బ్యాంకులో, ఇంకొకటి 1960లో ఒక విదేశీ ప్రయోగశాలలో. గోడ మీద, యంత్రాల మీద ఈ అక్షరాలు పెట్టవచ్చా?
— హైదరాబాద్

1960 ప్రయోగశాలలో డేటా 70 వద్దు, పదేళ్లు ముందుకు పోయినట్టవుతుంది. కౌంట్‌డౌన్ (1965), వెస్ట్‌మిన్‌స్టర్ కూడా రావు. అప్పటికి ఉన్నది మైక్రోగ్రామా. ఇటలీలో టూరిన్ నగరపు నెబియోలో అచ్చక్షరాల ఫౌండ్రీకి అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవరేజె 1952లో చేశారు. చతురస్రానికి మూలలు నున్నగా అరగదీసిన రూపం, అప్పటి టీవీ తెర ఆకారం. అందులో పెద్దక్షరాలే ఉన్నాయి, కాబట్టి సెట్టు మీద చిన్నక్షరాలు కనబడితే తప్పు. చిన్నక్షరాలతో నొవరేజె యూరోస్టైల్ చేసింది 1962లో. యంత్రాల మీది డయళ్లకు, బటన్ల పేర్లకు మైక్రోగ్రామా అతికినట్టు సరిపోతుంది.

1975 బ్యాంకులో చెక్కు క్లోజప్ ఉంటే అడుగున అయస్కాంత అంకెల పట్టీ పెట్టకండి, మన దేశంలో ఆ పద్ధతి 1980ల్లో వచ్చింది. తెలిసినవాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. గోడ మీద కంప్యూటర్ కంపెనీ క్యాలెండరు లాంటిది ఉంటే దాని మీద డేటా 70 నప్పుతుంది. నాసా ఎర్రటి ‘వర్మ్’ గుర్తు కూడా సరిగ్గా 1975లోదే. 1992లో పక్కన పెట్టి, 2020లో తిరిగి తెచ్చారు. 1992–2020 మధ్య కథయితే కొత్త వస్తువుల మీద అది కనబడకూడదు. డచ్ డిజైనర్ విమ్ క్రౌవెల్ 1967 నాటి న్యూ ఆల్ఫబెట్ వాడతానంటారేమో. వంపులే లేకుండా, తెర మీది చుక్కల కోసం ఆలోచించి గీసిన అపురూపమైన ప్రయోగం అది. కానీ చాలా అక్షరాలు గుర్తుపట్టడమే కష్టం, ప్రేక్షకుడికి రెండు సెకన్లే ఇస్తారు కనుక సెట్టుకు పనికిరాదు.

మొబైల్ రిపేరు షాపు బోర్డుకు ఈ అక్షరాలతో వెలిగే యాక్రిలిక్ లెటర్లు కావాలి. ఎంత ఎత్తు ఉండాలి? ఇదివరకు చేయించిన బోర్డులో కొన్నిచోట్ల వెలుగు మచ్చలుగా వచ్చింది.
— కాకినాడ

సాదా అక్షరానికి పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు చొప్పున లెక్క వేస్తారు. ఈ ఫాంట్‌కు దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి. వంద అడుగుల అవతలి రోడ్డు నుంచి కనబడాలంటే 15 అంగుళాలు, వీలైతే 18.

18 అంగుళాలంటే దాదాపు 450 మిల్లీమీటర్లు. సన్నగీత ఎత్తులో తొమ్మిదో వంతయితే 50 మిల్లీమీటర్లు, అందులో ఎల్‌ఈడీ మాడ్యూళ్ల వరుస ఒకటి హాయిగా పడుతుంది. ఉబ్బు 100 నుంచి 150 ఉంటుంది. మచ్చలకు కారణం అక్కడే. చేసేవాళ్లు సన్నగీతలో వేసిన ఒక్క వరుసనే ఉబ్బులోనూ కొనసాగిస్తారు, అంచులు చీకటి పడతాయి. ఉబ్బులో రెండు, అవసరమైతే మూడు వరుసలు వేయించండి. వరుసల మధ్య దూరం పెట్టె లోతు కంటే కాస్త తక్కువే ఉండాలి. లోతు 60 మిల్లీమీటర్లయితే వరుసల ఎడం 50 దాటొద్దు. ముందు పలక 3 మిల్లీమీటర్ల పాల రంగు యాక్రిలిక్.

మాడ్యూల్ మీద 0.72 వాట్లు అని ఉండి, మొత్తం 80 మాడ్యూళ్లయితే 57.6 వాట్లు. పవర్ సప్లయ్‌ను అంచుల దాకా నడపకూడదు, 12 వోల్టుల 100 వాట్లది పెట్టించండి. రాత్రిపూట ఉబ్బులు మరీ మెరిసి సందులను మింగేస్తుంటే మాడ్యూళ్లు పీకవద్దు, డిమ్మర్ పెట్టి 60–70 శాతానికి దించండి. షాపు పేరు మాత్రమే ఈ ఫాంట్‌లో వేయించి, ఫోన్ నంబరు సాదా అంకెల్లో రాయించండి.

నెట్‌లో ‘ఫ్రీ’ అని దొరికిన ఫాంట్ క్లయింట్ లోగోకు వాడాను. ఏమైనా ఇబ్బందా?
— ఫ్రీలాన్స్ డిజైనర్, బెంగళూరు

ఏ ఫ్రీ అన్నదాని మీద ఉంటుంది. ‘పర్సనల్ యూజ్’ అని ఉంటే లోగోకు కుదరదు, ముందే లైసెన్సు కొనండి. డేటా 70, యూరోస్టైల్ డబ్బు పెట్టి కొనాల్సినవి. డెస్క్‌టాప్, వెబ్, యాప్‌లకు లైసెన్సులు వేర్వేరుగా ఉంటాయి. ఉచితంగా కావాలంటే ఆర్బిట్రాన్, ఆడియోవైడ్, మైక్రోగ్రామా పోలికలున్న మిక్రోమా గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవే. లోగో, టీషర్టు, బోర్డు, వెబ్‌సైటు దేనికైనా వాడవచ్చు. ఆ ఫాంట్ ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. మార్పులు చేసి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి, పేరును ప్రత్యేకించుకున్న ఫాంట్ అయితే పేరూ మార్చాలి. ఈ మూడింటిలోనూ తెలుగు అక్షరాలు లేవు, రెండు భాషల లోగో అయితే తెలుగు భాగం వేరే చూసుకోవాలి.

ఇప్పటికే ఇచ్చేసిన లోగో సంగతి: ఆ ఫాంట్‌తోపాటు దిగిన టెక్స్ట్ ఫైలు ఉందేమో చూడండి. లేకపోతే ఫాంట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే కాపీరైట్ వరుస దొరుకుతుంది, తయారుచేసినవారెవరో తెలుస్తుంది. ఇకమీదట ప్రతి క్లయింటు పని ఫోల్డరులో ఆ లైసెన్సు ఫైలు, దించుకున్న తేదీ కలిపి ఉంచండి. ఎవరైనా అడిగిన రోజు చూపించడానికి అవే కావాలి.